దిగువ కృష్ణా డెల్టాలో ఇళ్ళ స్థలాలు

దిగువ కృష్ణా డెల్టాలో ఇళ్ళ స్థలాలు అనే ఈ వ్యాసం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల పల్లెలలో సామాన్య కుటుంబాలకు అందుబాటు ధరలో ఇల్లు, దానితో పాటు కొంత నేల లభించే తీరును గురించినది. రాష్ట్రంలో ఖరీదైన మాగాణి భూములున్న ప్రాంతాలలో ఇది ఒకటి. అయినా సముద్రతీరానికి దగ్గరయ్యే కొద్దీ, ప్రధాన రహదారులకు దూరమయ్యే కొద్దీ ఇక్కడ కూడా తక్కువ ధరకు స్థలాలు, పాత ఇళ్ళు దొరుకుతాయి. ధర తక్కువగా ఉండటానికి సాధారణంగా మూడు కారణాలలో ఏదో ఒకటి ఉంటుంది: స్థలం పల్లంలో ఉండటం, మంచినీరు అందకపోవటం, హక్కు స్పష్టంగా లేకపోవటం. మొదటి రెండింటిని కొంత ఖర్చుతో సరిచేసుకోవచ్చు. మూడవది తరాల తరబడి వెంటాడుతుంది.

ప్రాంతం

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి, ఒక పాయ హంసలదీవి వద్ద సముద్రంలో కలుస్తుంది. ఈ పాయల మధ్యనున్న భూభాగమే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాలు ఇందులో ముఖ్యమైనవి. పూర్వపు దివి తాలూకాకు చెందిన మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల మండలాలను కూడా వాడుకలో దివిసీమలో కలిపి చెప్పటం కద్దు. బందరు అని పిలువబడే మచిలీపట్నం జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలోకి, కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళగా, మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాలు కృష్ణా జిల్లాలోనే మిగిలాయి. పాత దస్తావేజులలో తాలూకా పేర్లు, 1985 తరువాతి వాటిలో మండలాల పేర్లు ఉంటాయి కాబట్టి స్థలం వివరాలు చూచేవారు రెండింటినీ సరిపోల్చుకోవలసి వస్తుంది.

విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ నేలలకు కాలువ నీరు అందింది. ఆ ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. దివిసీమకు నీరు కె.ఇ.బి. కాలువ ద్వారా వచ్చి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా నదీపాయను దాటుతుంది. ఈ ప్రాంతమంతా కాలువల చివరి భూములే. పైనున్న ఆయకట్టు తడిసిన తరువాతనే ఇక్కడికి నీరు చేరుతుంది. వానాకాలంలో మాత్రం పైనున్న నీరంతా మురుగుకాలువల గుండా ఇక్కడికే వస్తుంది.

కొలతలు

ఈ ప్రాంతంలో భూమిని ఎకరాలు, సెంట్లలో కొలుస్తారు. ఎకరానికి 100 సెంట్లు. ఒక సెంటు 48.4 చదరపు గజాలకు సమానం. తెలంగాణలో వాడే గుంట లెక్క ఇక్కడ వాడుకలో లేదు. పొలాన్ని ఎకరాల లెక్కన, ఊరిలోని స్థలాన్ని సెంట్ల లెక్కన, పట్టణంలోని స్థలాన్ని గజాల లెక్కన అమ్ముతారు. కొలత చిన్నదయ్యే కొద్దీ ధర పెరుగుతుంది. ఎకరాల లెక్కన కొన్న పొలాన్ని సెంట్ల లెక్కన అమ్మటమే స్థిరాస్తి వ్యాపారంలోని లాభానికి మూలం. ఇంటికి ఆనుకొని పావు ఎకరమో అర ఎకరమో పెరడు కావాలనుకునే కుటుంబానికి ఎక్కువ ఇబ్బంది కలిగేది ఇక్కడే. ఊరిలో అంత స్థలం సెంట్ల ధరకు కొనలేరు. పొలంలో కొంటే దారి, కరెంటు, నీరు ఉండవు.

మెరక, పల్లం

డెల్టా గ్రామాలలో స్థలం విలువను నిర్ణయించే మాటలు ఈ రెండే. పాత ఊళ్ళు చాలావరకు ఇసుక దిబ్బల మీద, నది ఒకప్పుడు విడిచిన గట్ల మీద, అంటే మెరక నేల మీద ఏర్పడ్డాయి. చుట్టూ ఉన్న వరిపొలాలు పల్లం. ఊరు పెరిగి కొత్త ఇళ్ళు పొలాలలోకి దిగినప్పుడు స్థలాన్ని రోడ్డు ఎత్తుకు తెచ్చేందుకు మట్టి లేదా బుసక తోలించాలి. దీనినే మెరక చేయటం అంటారు. స్థలం ధర తక్కువని కొన్నవారికి మెరక ఖర్చు తరువాత తెలిసివస్తుంది. తోలిన మట్టి ఒకటి రెండు వానాకాలాలు గడిచే వరకు దిగుతూనే ఉంటుంది కాబట్టి వెంటనే ఇల్లు కట్టటం మంచిది కాదని మేస్త్రీలు చెప్తారు.

గుడివాడ చుట్టుపక్కల నేల నల్లరేగడి. ఇది తడిసినప్పుడు ఉబ్బి, ఎండాకాలంలో నెరెలు విచ్చుతుంది. ఈ నేలలో లోతులేని పునాది మీద కట్టిన గోడలు బీటలు వారటం సర్వసాధారణం. అందువలన పైల్ పునాదులు వేసి, వాటి మీద కాంక్రీటు బెల్టు పోసి గోడ లేపుతారు. తీరానికి దగ్గరలోని నేలలు చౌడు. అక్కడ కొబ్బరి, సరుగుడు, తాడి పెరుగుతాయి గానీ కూరగాయల పెరడుకు మంచి మట్టి తోలించాలి.

నీటి విషయంలో ఊరికీ ఊరికీ కాదు, ఒకే ఊరిలో వీధికీ వీధికీ తేడా ఉంటుంది. నది పక్కన, లంకలలో, ఇసుక దిబ్బల మీద కొద్ది లోతులోనే తియ్యని నీరు పడుతుంది. అక్కడికి కొంత దూరంలోనే బోరు వేస్తే ఉప్పునీరు రావచ్చు. ఇసుక కింద నిలిచే మంచినీటి పొర పలుచనిది. దానిని లోతుగా, ఎక్కువగా తోడితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. అందుచేత ఈ ప్రాంత గ్రామాలు తాగునీటికి ప్రధానంగా చెరువుల మీదనే ఆధారపడతాయి. కాలువలు కట్టివేసే లోపుగా చెరువులు నింపుకొని, వేసవి అంతా ఆ నీటిని శుద్ధి చేసి వాడుకుంటారు. మచిలీపట్నం పట్టణానికి కూడా తరకటూరు వద్ద ఇటువంటి వేసవి నిల్వ చెరువు ఉంది. స్థలం చూడబోయేవారు మే నెలలో వెళ్ళి నీటి సంగతి, అక్టోబరు నెలలో వెళ్ళి ముంపు సంగతి కనుక్కోవటం ఉత్తమం. రెండింటికీ పక్కింటివారే సరైన సాక్షులు.

చరిత్ర

దివి ప్రాంతం చల్లపల్లి జమీందారీలో ఉండేది. దేవరకోట సంస్థానమని కూడా పిలువబడిన ఈ జమీందారీ యార్లగడ్డ వంశీయులది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వలన జమీందారీ హక్కు పోయి రైత్వారీ పట్టాలు వచ్చాయి. అయితే పట్టా దక్కినది సాగులో ఉన్న రైతుకే. ఆ పొలంలో పనిచేసే వ్యవసాయ కూలీకి పొలమూ లేదు, చాలా చోట్ల తన పాక ఉన్న నేల మీద హక్కూ లేదు. భూస్వామి దొడ్డిలోనో, పొలం గట్టునో, కాలువ గట్టునో పాక వేసుకొని ఉండే కుటుంబానికి ఇంటి స్థలం అంటే కేవలం నివాసం కాదు. కూలి రేటు అడిగిన రోజున ఖాళీ చేయమనే మాట వినకుండా ఉండగలగటం. చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం కమ్యూనిస్టుల నాయకత్వంలో సాగిన పోరాటానికి ఈ నేపథ్యం ఉంది.

1975 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన 1973 నాటి భూసంస్కరణల చట్టం మాగాణిలో 10 నుండి 27 ఎకరాలు, మెట్టలో 35 నుండి 54 ఎకరాల వరకు పరిమితి విధించింది. మిగులు భూమిని సాగుకు మాత్రమే కాక, ఇల్లు లేని వ్యవసాయ కూలీలకు, చేతివృత్తులవారికి ఇళ్ళ స్థలాలుగా కూడా ఇవ్వాలని ఈ చట్టంలో ఉంది. 1975 జులైలో ప్రకటించిన 20 సూత్రాల కార్యక్రమంలోనూ ఇళ్ళ స్థలాల పంపిణీ ఒక అంశం. కేరళలో 1970 జనవరి 1 నుండి అమలైన భూసంస్కరణల ప్రకారం ఇతరుల భూమిలో గుడిసె వేసుకొని ఉన్న కుటుంబానికి పంచాయతీలలో 10 సెంట్ల వరకు కొనుక్కునే హక్కు లభించింది. తెలుగు నేలపై ఇంత స్థలం ఎన్నడూ సాధారణ నియమం కాలేదు.

1977 ఉప్పెన తరువాత

1977 నవంబరు 19న వచ్చిన తుఫాను, దానితో పాటు సుమారు 5 మీటర్ల ఎత్తున విరుచుకుపడిన ఉప్పెన దివిసీమను ముంచివేశాయి. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. అనధికార అంచనాలు ఇంతకన్నా చాలా ఎక్కువ. నాగాయలంక మండలంలోని సొర్లగొంది వంటి గ్రామాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. దీనికి ముందు 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. రెండింటిలోనూ ఎక్కువగా చనిపోయినవారు తాటాకు పాకలలో, మట్టి గోడల ఇళ్ళలో ఉన్నవారే.

ఉప్పెన తరువాత ప్రభుత్వంతో పాటు అనేక స్వచ్ఛంద, ధార్మిక సంస్థలు తీరగ్రామాలలో పక్కా ఇళ్ళ కాలనీలు, తుఫాను షెల్టర్లు నిర్మించాయి. దివిసీమలో చాలా కుటుంబాలకు స్లాబు ఇల్లు, సొంత స్థలం అనేవి మొదటిసారి దక్కినది ఈ విషాదం తరువాతనే. అయితే ఆ ఇళ్ళు చిన్నవి. పశువుల పాకకు, వలలు ఆరవేసుకోవటానికి, గడ్డివాముకు చోటు చాలక, చాలామంది స్లాబు గదిని నిల్వకు వాడి పక్కనే పాక వేసుకొని నివసించారు. ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుము తుప్పు పట్టి పెచ్చులు ఊడటం ఈ పాత కాలనీలలో నేటికీ కనబడుతుంది. ఇటువంటి ఇల్లు అమ్మకానికి వస్తే ఇంటికి విలువ కట్టరు, స్థలానికే కడతారు.

1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన మరో పెద్ద తుఫానులో రాష్ట్రమంతటా 967 మంది మరణించారు. తుఫాను తీవ్రతలో పోల్చదగినదే అయినా మృతుల సంఖ్య తక్కువగా ఉండటానికి ముందస్తు హెచ్చరికలు, ప్రజలను తరలించటం, షెల్టర్లు కారణం. నది వైపు నుండి వచ్చే ప్రమాదం వేరు. ప్రకాశం బ్యారేజి వద్ద 2009 అక్టోబరులో సుమారు 11.10 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో అంతకు మించి సుమారు 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. ఇటువంటి వరదలలో కరకట్టకు నది వైపున్న లంక గ్రామాలే మొదట మునుగుతాయి. లంక భూమి సారవంతమైనది, నీరు తియ్యనిది, ధర కూడా తక్కువ. ధర ఎందుకు తక్కువో కట్టకు ఏ వైపున ఉన్నదో చూస్తే తెలుస్తుంది.

ప్రభుత్వ పథకాలు

రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం వచ్చిన తరువాత బలహీనవర్గాల పక్కా ఇళ్ళ కార్యక్రమం పెద్దయెత్తున సాగింది. డెల్టా గ్రామాల శివార్లలో "కాలనీ" అని మాత్రమే పిలువబడే వీధులలో చాలావరకు ఆనాటివే. 1985లో ఇందిరా ఆవాస్ యోజన, 2006లో ఇందిరమ్మ పథకం, 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చాయి. 2020 డిసెంబరు 25న మొదలైన "నవరత్నాలు - పేదలందరికీ ఇళ్ళు" కార్యక్రమం కింద రాష్ట్రంలో 30 లక్షలకు పైగా మహిళల పేర పట్టాలు ఇవ్వబడ్డాయి. గ్రామాలలో సెంటున్నర, పట్టణాలలో ఒక సెంటు చొప్పున ఇచ్చారు. సెంటున్నర అంటే 72.6 చదరపు గజాలు. ఇంటి చుట్టూ నాలుగు మొక్కలు వేయటానికి, గేదెను కట్టుకోవటానికి అది చాలదనేది ఈ పథకంపై వచ్చిన ప్రధాన విమర్శ. లేఔట్ల కోసం కొన్న భూములు పల్లంలో ఉన్నాయని, వర్షాకాలంలో నీట మునుగుతున్నాయని కూడా విమర్శలు వచ్చాయి. తరువాత వచ్చిన ప్రభుత్వం 2025లో ఈ పరిమాణాన్ని గ్రామాలలో 3 సెంట్లకు, పట్టణాలలో 2 సెంట్లకు పెంచాలని నిర్ణయించింది.

గుడివాడ పట్టణ పేదల కోసం మల్లాయపాలెం వద్ద నిర్మించిన 8,912 టిడ్కో ఇళ్ళను 2023 జూన్ 16న ప్రారంభించారు. ఇవి అంతస్తుల ఇళ్ళు. నేల ఎవరి సొంతమూ కాదు. పట్టణంలో పని ఉన్నవారికి ఇవి ఉపయోగకరం. పాడి, కోళ్ళ మీద కొంత ఆదాయం పొందే కుటుంబానికి మాత్రం సరిపడవు.

హక్కుల రకాలు

చవకగా దొరికే స్థలాలలో అన్నీ ఒకే రకం హక్కు ఉన్నవి కావు. అమ్మేవారు అన్నింటినీ "పట్టా ఉంది" అనే ఒక్క మాటతో చెప్తారు. ఈ మాట కింద కనీసం అయిదారు వేర్వేరు విషయాలు దాగి ఉంటాయి.

మొదటిది జిరాయితీ భూమి. ఇది సొంత హక్కు గల భూమి. అమ్మవచ్చు, కొనవచ్చు. దీనికి పట్టాదారు పాసుపుస్తకం, 1-బి, అడంగల్ ఉంటాయి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీసుకుంటే పూర్వపు లావాదేవీలు, తాకట్లు తెలుస్తాయి. సహకార సంఘంలో పంటరుణానికి పెట్టిన తాకట్టు చాలా సందర్భాలలో అమ్మే సమయానికి గుర్తుకు వస్తుంది.

రెండవది గ్రామకంఠం. సర్వే జరిగిన నాడే ఊరి నివాసాలకు విడిచిన నేల ఇది. పాత పెంకుటిళ్ళు, మండువా ఇళ్ళు చాలావరకు గ్రామకంఠంలోనే ఉంటాయి. ఇక్కడ పాసుపుస్తకం ఉండదు. పంచాయతీ ఇంటిపన్ను రసీదు, అనుభవం, పూర్వపు దస్తావేజులే ఆధారం. గ్రామకంఠం అంతా ప్రభుత్వ భూమి కాదని హైకోర్టు పలు తీర్పులలో చెప్పింది. అయినా కాగితాలు సరిగా లేవనే కారణంగా బ్యాంకులు అప్పు ఇవ్వటానికి వెనుకాడతాయి. ఈ లోటు తీర్చేందుకే కేంద్ర ప్రభుత్వం 2020లో స్వామిత్వ పథకాన్ని ప్రకటించి, డ్రోన్లతో గ్రామ నివాస ప్రాంతాలను కొలిచే పని చేపట్టింది. రాష్ట్రంలో భూముల రీసర్వే కూడా అదే సంవత్సరం డిసెంబరు 21న అప్పటి ఉమ్మడి కృష్ణా జిల్లాలోని తక్కెళ్ళపాడులో మొదలైంది. రీసర్వేలో విస్తీర్ణం పాత దస్తావేజుకన్నా హెచ్చుతగ్గులు రావటం వలన, కొనేవారు రెండు లెక్కలనూ చూడటం అవసరమైంది.

మూడవది అసైన్డు భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా భూమి. 1977 నాటి అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం దీనిని అమ్మటం, కొనటం చెల్లదు. ప్రభుత్వం వెనుకకు తీసుకొని అసలు లబ్ధిదారుకు ఇవ్వవచ్చు. తీరమండలాలలో ఇటువంటి భూమి చాలా ఉంది. తెల్లకాగితం మీద అగ్రిమెంటు రాసుకొని, స్వాధీనం ఇచ్చి అమ్మటం దశాబ్దాలుగా నడుస్తున్నది. అమ్మినవారు బతికున్నంత కాలం పేచీ ఉండదు. వారి పిల్లలు వచ్చి అడిగినప్పుడు కొన్నవారి దగ్గర చూపటానికి ఏమీ ఉండదు. 2023లో చేసిన సవరణ ద్వారా, ఇచ్చి 20 సంవత్సరాలు నిండిన అసైన్డు వ్యవసాయ భూములపై అసలు లబ్ధిదారులకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. అందులో అక్రమాలు జరిగాయనే ఆరోపణల మీద 2024లో వచ్చిన ప్రభుత్వం అటువంటి భూముల రిజిస్ట్రేషన్లను నిలిపి విచారణ చేపట్టింది. ఈ పరిస్థితిలో అసైన్డు భూమిని ధర చూసి కొనటం పేదవారికి, కొనేవారికి ఇద్దరికీ నష్టమే.

నాల్గవది దేవాలయ భూమి. మోపిదేవి, హంసలదీవి, శ్రీకాకుళం వంటి క్షేత్రాలున్న ఈ ప్రాంతంలో దేవుడి మాన్యాలలో తరతరాలుగా ఇళ్ళు కట్టుకొని ఉన్నవారు ఉన్నారు. ఇల్లు వారిది, నేల దేవుడిది. 1987 నాటి దేవాదాయ చట్టం కింద ఈ భూములను బహిరంగ వేలం ద్వారా తప్ప అమ్మకూడదు. మచిలీపట్నంలో వక్ఫు భూముల విషయంలోనూ ఇటువంటి చిక్కులు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షను కింద ప్రభుత్వ, అసైన్డు, దేవాదాయ, వక్ఫు భూములను నిషేధిత జాబితాలో ఉంచుతారు. రాష్ట్రంలో 2007లో ఈ సెక్షనును తిరిగి తెచ్చారు. జాబితాలో సర్వే నంబరు ఉన్నదీ లేనిదీ ముందుగా చూసుకోవచ్చు. ఒక సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వ భూమి అయినా నంబరు మొత్తాన్ని జాబితాలో చేర్చటం వలన జిరాయితీ దారులు ఏళ్ళ తరబడి తిరగవలసి వస్తున్నది. ఇది ఈ జాబితాపై ఉన్న ముఖ్యమైన ఫిర్యాదు.

చివరిది, అన్నిటికన్నా చవకైనది, కాలువ గట్టు. బందరు కాలువ మొదలు చిన్న బోదెల వరకు గట్ల వెంట వేల కుటుంబాలు నివసిస్తున్నాయి. ఇది జలవనరుల శాఖ భూమి. కరెంటు మీటరు, ఇంటిపన్ను రసీదు, రేషన్ కార్డు ఉన్నంత మాత్రాన ఇక్కడ పట్టా రాదు. చెరువులు, ఉమ్మడి భూముల ఆక్రమణలను క్రమబద్ధం చేయరాదని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పిన తరువాత ఈ అవకాశం ఇంకా తగ్గింది. అయినా గట్టు మీది పాకలు చేతులు మారుతూనే ఉన్నాయి. కూలికి, బడికి, బజారుకు దగ్గరలో ఇంతకన్నా తక్కువలో దొరికే చోటు మరొకటి లేకపోవటమే దానికి కారణం.

తీరానికి దగ్గరలో కొనేవారికి మరొక నిబంధన ఉంది. తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు 1991లో మొదలై, 2011, 2019లలో మారాయి. సముద్రపు పోటు రేఖ నుండి 500 మీటర్ల వరకు ఇవి వర్తిస్తాయి. జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త నిర్మాణాలకు అనుమతి ఉండదు. నదీముఖంలోని మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో చేరి ఉన్నవి.

ఖాళీ ఇళ్ళు

గుడివాడ, పామర్రు, గుడ్లవల్లేరు పరిసరాలలోని గ్రామాలనుండి చదువులకు, ఉద్యోగాలకు విజయవాడ, హైదరాబాదు, అమెరికా వెళ్ళిన కుటుంబాలు ఎక్కువ. వారి ఇళ్ళు చాలా చోట్ల తాళం వేసి ఉన్నాయి. నాలుగు వైపులా వసారా, వెనుక నుయ్యి, కొబ్బరిచెట్లు, వామిదొడ్డితో పాతిక ముప్ఫై సెంట్లలో ఉండే ఇటువంటి పెంకుటిళ్ళు, ఇల్లు నేల రెండూ కావాలనుకునేవారికి అన్నివిధాల అనువైనవి. అవి మెరక మీద ఉంటాయి, దారి ఉంటుంది, నీరు ఉంటుంది.

ఇవి అమ్మకానికి రాకపోవటానికి ధర కారణం కాదు. తాతగారి పేర ఉన్న ఇంటికి వారసులు పదిమంది ఉంటారు, వారు మూడు దేశాలలో ఉంటారు. ఆంధ్ర ప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించేలా హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి అవివాహిత కుమార్తెలకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చారు. 2005లో కేంద్ర చట్ట సవరణతో ఆ హక్కు వివాహితులకు కూడా వచ్చింది. ఆడపిల్లల సంతకాలు లేకుండా అన్నదమ్ములు మాత్రమే రాసిచ్చిన దస్తావేజులు తరువాత కోర్టుకు వెళ్ళటం ఈ ప్రాంతంలో అపురూపం కాదు. విదేశంలో ఉన్న వారసుడు జి.పి.ఏ. పంపవలసి ఉంటుంది. ఒక్కరు ఒప్పుకోకపోయినా అమ్మకం ఆగిపోతుంది. ఈలోగా పైకప్పు దూలాలకు చెదలు పట్టి ఇల్లు కూలుతుంది.

జపాన్ గ్రామాలలో ఇటువంటి ఖాళీ ఇళ్ళను అకియా అంటారు. అక్కడి స్థానిక సంస్థలు వాటి జాబితాలు ప్రకటించి కొనేవారికి, అమ్మేవారికి మధ్య వారధిగా పనిచేస్తాయి. కృష్ణా జిల్లా పంచాయతీలలో ఇటువంటి ఏర్పాటు లేదు. ఏ ఇల్లు అమ్ముతారో తెలిసేది ఊరి పెద్దమనుషుల ద్వారా, ఇంటిని చూసుకునే పాలేరు ద్వారా, మధ్యవర్తుల ద్వారా మాత్రమే. దీనివలన ఊరితో బంధుత్వం లేనివారికి, ముఖ్యంగా దళితులకు, ముస్లిములకు, పాత ఊరి నడిమి వీధిలో ఇల్లు దొరకటం డబ్బున్నా కష్టమే. ఈ విషయం ఏ కాగితంలోనూ రాసి ఉండదు.

ధరలపై ప్రభావం చూపే అంశాలు

చేపల, రొయ్యల చెరువులు ఈ ప్రాంతపు భూమి లెక్కలను మార్చివేశాయి. నందివాడ మండలం, కైకలూరు వైపు, బందరు తీరంలోని కృత్తివెన్ను వైపు వరిచేలు చెరువులయ్యాయి. చెరువుకు వచ్చే కౌలు వరికి వచ్చే కౌలుకన్నా ఎక్కువ కావటంతో ఇంటికోసం చిన్న విస్తీర్ణంలో పొలం అమ్మేవారు తగ్గారు. చెరువు పక్కన ఇల్లు ఉంటే గోడలకు చెమ్మ ఎక్కటం, బావి నీరు పాడవటం జరుగుతుంది. చెరువుల మధ్య చిక్కిన స్థలం చవకగా వస్తే అందుకు కారణం ఇదే కావచ్చు.

మచిలీపట్నం ఓడరేవు మరొక కారణం. 2008లో, 2019లో శంకుస్థాపనలు జరిగి పనులు ముందుకు సాగలేదు. 2023 మే 22న తిరిగి పనులు ప్రారంభమయ్యాయి. 2015లో ఓడరేవు, పరిశ్రమల కోసం పెద్ద విస్తీర్ణంలో భూసేకరణ ప్రకటన వెలువడినప్పుడు రైతులు తీవ్రంగా వ్యతిరేకించారు. ప్రకటనలో ఉన్న గ్రామాలలో అమ్మకాలు స్తంభించి, పెళ్ళిళ్ళకు, చదువులకు భూమి అమ్ముకోదలచినవారు ఇబ్బంది పడ్డారు. ఓడరేవు వార్త వచ్చిన ప్రతిసారీ తీరగ్రామాలలో లేఔట్లు వెలిశాయి. వీటిలో అనుమతి లేనివి, పొలాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చకుండానే రాళ్ళు పాతినవి ఉన్నాయి. ఇటువంటి ప్లాటులో ఇంటి ప్లాను మంజూరు కావటం కష్టం. అనుమతి లేని లేఔట్ల క్రమబద్ధీకరణకు 2020లో నియమాలు వచ్చాయి గానీ ఆ రుసుము కొన్నవారి మీదనే పడుతుంది.

విజయవాడ నుండి మచిలీపట్నం వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి, పామర్రు నుండి గుడివాడ మీదుగా భీమవరం వైపు వెళ్ళే 165వ నంబరు రహదారి, తీరం వెంట వెళ్ళే 216వ నంబరు రహదారి ఉన్న చోట్ల ధరలు ఎక్కువ. పులిగడ్డ - పెనుమూడి వంతెన వచ్చిన తరువాత దివిసీమ రేపల్లె వైపు కలిసి, అవనిగడ్డ పరిసరాల స్థలాలకు గిరాకీ పెరిగింది. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవి మాత్రం దీర్ఘకాలంగా పంటు మీదనే ఆధారపడి ఉంది. అక్కడ భూమి చవక. కానీ రాత్రివేళ కాన్పు వస్తే నది దాటవలసిన చోట స్థలం ధరను వేరే లెక్కతో చూడాలి.

ఇంటి నిర్మాణం, ఖర్చులు

రిజిస్ట్రేషనుకు స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషను రుసుము 1 శాతం, వెరసి 7.5 శాతం అవుతుంది. ఇది ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ మీద గానీ, దస్తావేజులో రాసిన ధర మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద పడుతుంది.

తీరగ్రామాలలో కట్టేవారు అరుగు ఎత్తును, ఇసుకను తగ్గించి ఖర్చు మిగుల్చుకోవాలని చూడటం ప్రమాదకరం. సముద్రపు ఇసుక లేదా ఉప్పునీరు కాంక్రీటులో కలిస్తే కొద్ది సంవత్సరాలలోనే ఇనుము ఉబ్బి స్లాబు పగులుతుంది. ఏటి ఇసుక, చెరువు నీరు వాడాలి. తుఫాను గాలికి రేకులు, పెంకులు లేచిపోతాయి కాబట్టి ఇంటిలో కనీసం ఒక గదికైనా స్లాబు వేయటం 1977 తరువాత ఇక్కడ ఆనవాయితీ అయింది. మిగతా ఇల్లు పెంకులో, రేకులో కావచ్చు. స్లాబు మీదికి బయటినుండి మెట్లు ఉంచుతారు. ఇరుగుపొరుగు పాకలవారు కూడా ఎక్కగలిగేలా ఆ మెట్లను వీధివైపు పెట్టిన ఇళ్ళు సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు కనిపిస్తాయి.